డీవీడీ రైటర్ కొనబోతున్న అమ్మలూకి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అమ్మ పాటల సీడీలు అట్టపెట్టెతో సహా పట్టుకుపోయిందే నీ ముద్దుల కూతురు. వాటిని కాపీ చేసుకోవడానికి సీపీయూలో డీవీడీ రైటర్ వేయించుకుంటుందట. ఈ రోజుల్లో సీడీలేంటి, పిచ్చి కాకపోతే" అంది. పిచ్చేం కాదని చెప్పి పెట్టేశాను. ఇన్నేళ్ళకి మీ అమ్మమ్మ పాడిన పాటల పెట్టె మూత తీసినదానివి నువ్వొక్కదానివే. గర్వంగానే ఉంది. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది. అప్పటిదాకా ఒక్క మాట విను. ఆ సీడీల మీద కాగితం స్టిక్కర్లు ఉంటాయి. పీకకు. అంచు లేచి ఉన్నా సరే, గోరు కూడా ఆనించకు.

ఫోన్‌లో చెప్తే కొలతలు గాలికి పోతాయి, అందుకే రాస్తున్నాను.

డ్రైవ్ కొనడానికి ద్వారకానగర్ వెళ్ళేముందు సీపీయూ ఎదురుగా ఒకసారి కూర్చో. (డబ్బా మొత్తాన్ని సీపీయూ అనకూడదని ల్యాబ్‌లో పిల్లలకి చెప్పీ చెప్పీ, చివరికి నేనూ అలాగే అంటున్నాను.) ముందువైపు పైభాగంలో అడ్డంగా ఒక ప్లాస్టిక్ మూత ఉండాలి. దాని వెనకున్న ఖాళీనే 5.25 అంగుళాల బే అంటారు. ఆ అంకె పాత ఫ్లాపీల కాలం నాటి పేరు. టేపు పెట్టి కొలిస్తే డ్రైవ్ వెడల్పు 146 మిల్లీమీటర్లు, ఎత్తు 41, 42 దాకా ఉంటుంది. లోతు దాదాపు 170, వెనక వైర్లు వంపు తిరగడానికి ఇంకో నాలుగైదు సెంటీమీటర్లు వదలాలి. చిన్న క్యాబినెట్లలో డ్రైవ్ వెనక భాగం సరిగ్గా మదర్‌బోర్డ్ వైర్ల మీదకి వస్తుంది, అది కూడా చూసుకో. మీది ముందు అద్దం, లోపల రంగురంగుల ఫ్యాన్లు ఉన్న కొత్త రకం క్యాబినెట్ అయితే బే ఉండకపోవచ్చు. అలాంటప్పుడు పలచటి యూఎస్‌బీ రైటర్ కొనేసి వచ్చెయ్యకు. పెద్ద డ్రైవే కొని, సొంత అడాప్టర్ ఉన్న బయటి డబ్బాలో బిగించుకో.

ఎందుకంటావా? పలచటి డ్రైవ్ మొత్తం 5 వోల్టుల మీదే నడవాలి. పాత యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు, నీలం రంగు యూఎస్‌బీ 3 అయితే 900. రాసేటప్పుడు లేజరూ మోటారూ ఒకేసారి లాగుతాయి, కరెంటు చాలకపోతే మధ్యలో ఆగిపోతాయి. లోపల బిగించే పెద్ద డ్రైవ్‌కి ఎస్ఎంపీఎస్ (సీపీయూ లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టె) నుంచి నేరుగా 5 వోల్టులూ 12 వోల్టులూ అందుతాయి. మోటారు బలంగా, నిలకడగా తిరుగుతుంది. పాత సీడీలు చదవడానికి నీకు కావలసింది ఆ నిలకడే.

తర్వాత పక్క మూత తీసి, మదర్‌బోర్డ్ మీద డ్రైవ్ వైరు గుచ్చే సాటా పోర్టు ఖాళీగా ఉందో లేదో చూడు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మీ ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వచ్చే కొత్తరకం డిస్క్) బోర్డుకి నేరుగా గుచ్చే ఎం.2 రకమైతే, కొన్ని బోర్డుల్లో ఆ గాడి వాడినందుకు ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. పోర్టు కళ్ళకి కనిపిస్తుంది, డ్రైవ్ బిగిస్తే కంప్యూటర్‌కి కనిపించదు. అప్పుడు డ్రైవ్ పాడైందనుకుని కొట్టు చుట్టూ తిరుగుతారు. బోర్డు మాన్యువల్‌లో ఏ పోర్టు ఆగుతుందో రాసి ఉంటుంది, రెండు నిమిషాల పని. ఎస్ఎంపీఎస్ నుంచి సాటా పవర్ వైరు ఒకటి మిగిలి ఉందో లేదో కూడా చూడు. వెడల్పుగా, ఎల్ ఆకారం గాడితో ఉండేది అదే. లేకపోతే పాత నాలుగు పిన్నుల వైరుకి తగిలించే కన్వర్టర్ ఇస్తారు. అందులో వైర్లన్నీ ఒకే ప్లాస్టిక్ ముద్దలో పోతపోసిన రకం వద్దు. లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోవచ్చు. ఒక్కో తీగా విడిగా నొక్కి బిగించినట్టు కనిపించే రకం అడుగు. తెలీదంటే ఇంకో కొట్టు చూసుకో. ఈ విషయంలో మొహమాటపడకు, ఇంట్లో నువ్వొక్కదానివే ఉంటావు.

ఇక డీవీడీయా, బ్లూరేనా? మామూలు డీవీడీ రైటర్ చాలు, నా మాట విను. బ్లూరే రైటర్ ధర దానికి ఎన్నో రెట్లు. డీవీడీలో 4.7 జీబీ పడుతుంది, విండోస్ లెక్కలో అది 4.37 దగ్గర తేలుతుంది. బ్లూరేలో 25 జీబీ. మీ ఇంట్లో 40 జీబీ ఫొటోలు ఉన్నాయనుకుంటే పది డీవీడీలు, లేదా రెండు బ్లూరేలు. ఏటా అంత పోగుపడితే బ్లూరే గురించి ఆలోచించు. అయితే సోనీ 2025 ఫిబ్రవరిలో రాసే బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది, కాబట్టి డిస్కులు దొరుకుతాయో లేదో తెలుసుకున్నాకే డ్రైవ్ కొను. ఎల్‌టీహెచ్ అని రాసి ఉన్న బ్లూరే డిస్కులు ముట్టుకోకు. వాటిలో సీడీల్లోలాగే రాత పడే రంగు పొర ఉంటుంది. మామూలు బ్లూరేలో ఉండే లోహపు పొర అంతకంటే గట్టిది.

డబ్బా మీద 24ఎక్స్ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. దానికి పడిపోకు. ఆ వేగం డిస్క్ చివరి అంచు దగ్గర కాసేపే వస్తుంది. నువ్వు ఎలాగూ 8ఎక్స్‌లోనే రాస్తావు, రాయాలి కూడా. చూడాల్సింది వేరే. డ్రైవ్ పైన అతికించిన చీటీ మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. ఆసుస్ అయినా, ఎల్‌జీ అయినా, లైట్-ఆన్ అయినా తేడా కొంచెమే. ఆరేళ్ళు కొట్టులో పడున్న డ్రైవ్‌కీ కొత్తదానికీ తేడా చాలా. లోపల ట్రేని లాగే చిన్న రబ్బరు బెల్టు వాడకపోయినా సాగిపోతుంది, పట్టాల మీద గ్రీజు గట్టిపడుతుంది. పాత కంప్యూటర్లలోంచి ఊడదీసి తుడిచి అమ్మేవి అసలే వద్దు. స్క్రూ కన్నాల చుట్టూ గీతలుంటే అది వాడిందే. మన విశాఖలో ఇంకో సంగతి ఉంది. ఓడరేవు వైపు ఇళ్ళలో కిటికీ గట్టు మీద పేరుకునే నల్లటి బొగ్గు పొడి నీకు తెలిసిందే. అదే పొడి ట్రే సందులోంచి వెళ్ళి, కందిగింజంత లెన్సు మీద కూర్చుంటుంది. వాడిన డ్రైవ్ ఓడరేవు పక్కనున్న వన్‌టౌన్ నుంచి వచ్చిందో, ఎక్కడినుంచి వచ్చిందో ఎవరు చెప్తారు?

కొట్లోనే తగిలించి చూపించమను. ట్రే పదిసార్లు తెరిచి మూయి. ఆగి ఆగి రాకూడదు. ఇంట్లోంచి ఒక సినిమా డీవీడీ, ఒక పాటల సీడీ తీసుకెళ్ళు. సీడీకి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650. రెండూ వేరు, ఒకటి పనిచేసినంత మాత్రాన రెండోది పనిచేస్తున్నట్టు కాదు. రెండూ పెట్టి చూడు. అమెరికా నుంచి బాబాయి తెచ్చిన సినిమా డీవీడీ మాత్రం తీసుకెళ్ళకు. సినిమా డీవీడీ ఏ దేశాలకో చెప్పే అంకె రీజియన్. మన దేశం రీజియన్ 5, అది రీజియన్ 1. డ్రైవ్‌లో రీజియన్ ఐదుసార్లే మార్చుకోవచ్చు, తర్వాత చివరిదాని దగ్గరే బిగుసుకుపోతుంది.

బిగించడం నీకు చెప్పక్కర్లేదు. కరెంటు తీసి, ముందునుంచి తోసి, రెండు వైపులా రెండేసి స్క్రూలు. డబ్బాలో వచ్చిన ఎం3 స్క్రూలే వాడు. హార్డ్ డిస్క్ స్క్రూలు వేరే మరలవి, బలవంతంగా తిప్పితే కన్నం చెడుతుంది.

ఇప్పుడు స్టిక్కర్ల సంగతి.

ఒక సీడీని అంచు పట్టుకుని పక్కనుంచి చూడు. మందం 1.2 మిల్లీమీటర్లు. దాదాపు అంతా ఉత్త ప్లాస్టిక్కే. మనమంతా కింద మెరిసే వైపుని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటాం, పేరు రాసే వైపుని టేబుల్ మీద ఈడుస్తాం. తిరగబడిన జాగ్రత్త అది. లేజర్ కిందనుంచి ఆ ప్లాస్టిక్ మందమంతా దాటి పైకి వెళ్తుంది. పాట ఉండేది పైనే. ముందు రంగు పొర, దాని మీద పలచటి వెండి పూత, ఆ పైన వార్నిష్. అంతే, ఇంకేమీ లేదు. కింద గీత పడితే పాలిష్ చేసి బాగుచేయొచ్చు. పైన పడితే వెండి పోతుంది, వెండితో పాట పోతుంది. డీవీడీ ఇలా కాదు, 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికించి, రాతని వాటి మధ్యలో పెడతారు.

సీడీలు రాయడం కొత్తగా వచ్చిన రోజుల్లో ప్రతి స్టేషనరీ కొట్టులోనూ గుండ్రటి కాగితం స్టిక్కర్లు దొరికేవి. మధ్యలో కన్నం, చుట్టూ పూల బొమ్మలు వేసుకునే చోటు. జిగురు నేరుగా ఆ పలచటి వార్నిష్ మీద అంటుకుంటుంది. మన విశాఖ గాలిలో తేమ ఏడాదిలో చాలా నెలలు 70 శాతం పైనే, డిస్కులకి కావలసింది 20 నుంచి 50. వానాకాలం కాగితం తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలం బిగుసుకుంటుంది. ప్లాస్టిక్ మాత్రం అలాగే ఉంటుంది. రెండూ అతుక్కుని ఉన్నాయి కదా, ఏడాదికోసారి ఈ లాగుడుతో డిస్క్ అప్పడంలా అంచులు లేపుతుంది, వార్నిష్ పగుళ్ళిస్తుంది. ఆ పగుళ్ళలోంచి గాలి దూరితే వెండి నల్లబడుతుంది. బీరువాలో అమ్మమ్మ కుంకుమ భరిణె నల్లబడినట్టే, అక్కడా ఇక్కడా పని గంధకానిదే. ఇక స్టిక్కర్ ఒక మిల్లీమీటరు పక్కకి అంటుకుందనుకో, బరువు ఒకవైపుకి తూగుతుంది. డ్రైవ్ పూర్తి వేగంలో డిస్క్ నిమిషానికి పదివేల చుట్లు దాకా తిరుగుతుంది. అంత వేగంలో ఆ కాస్త బరువే డ్రైవ్‌ని దడదడలాడిస్తుంది, లేజర్ గురి తప్పుతుంది. లోపలి వేడికి జిగురు మెత్తబడి అంచు ఊడితే డ్రైవ్‌కే చుట్టుకుంటుంది.

ఇక పీకితే? వార్నిష్‌కీ ప్లాస్టిక్‌కీ మధ్య పట్టు తక్కువ, జిగురుకీ వార్నిష్‌కీ మధ్య పట్టు ఎక్కువ. కాగితం వెనకాలే వెండి పొర తగరపు కాగితంలా లేచి వచ్చేస్తుంది. చేతిలో మిగిలేది కిటికీ అద్దంలాంటి ప్లాస్టిక్ బిళ్ళ. ట్యూబ్‌లైట్ వైపు పట్టుకుంటే అవతల గోడ కనిపిస్తుంది.

ఆ స్టిక్కర్లు అంటించింది నేనే అమ్మలూ. అందంగా ఉండాలని పచ్చ స్కెచ్‌తో పేర్లు రాసిందీ నేనే. ఒకటి పీకి చూసిందీ నేనే. పెట్టెలో నాలుగు కేసులుంటే మూడు సీడీలే ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసిందా? మీ అమ్మకి ఇది తెలీదు, చెప్పకు. నువ్వూ నాలాగే చేతులు ఊరుకోని రకానివి. ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా ఉండి "కొంచెం శుభ్రం చేద్దాం" అనుకుంటావేమో. వద్దే తల్లీ. అంచు లేచిన చోట వేలితో మెల్లగా నొక్కి, బరువైన పుస్తకం కింద ఒక రోజు ఉంచు. అంతవరకే.

చదివించేటప్పుడు వేగం తగ్గించు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది, అందులో 4ఎక్స్ గానీ 8ఎక్స్ గానీ పెట్టుకో. ఆ సీడీల్లో ఉన్నవి మామూలు ఫైళ్ళు కావు, పాత పద్ధతి ఆడియో ట్రాకులు. విండోస్‌లో తెరిస్తే ట్రాక్01, ట్రాక్02 అని డాట్ సీడీఏ ఫైళ్ళు కనిపిస్తాయి. వాటిని కాపీ చేసి హార్డ్ డిస్క్‌లో పేస్ట్ చేస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. ఒక్కోటీ 44 బైట్లు! అందులో పాట లేదు, పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే చిరునామా మాత్రమే ఉంది. అలా "కాపీ" చేసుకుని అసలు సీడీ పారేసినవాళ్ళని చూశాను. డబ్ల్యూఏవీగానో ఎఫ్ఎల్ఏసీగానో తీయి, వాటిలో పాట ఏమీ తగ్గకుండా ఉన్నదున్నట్టు దాగుతుంది. ఎంపీ3 వాట్సాప్‌లో పంపడానికి పనికొస్తుంది, దాచుకోవడానికి కాదు. 80 నిమిషాల సీడీ డబ్ల్యూఏవీలో 850 ఎంబీ దగ్గర వస్తుంది, అంటే ఒక డీవీడీలో అలాంటివి ఐదు పడతాయి. తుడవాల్సి వస్తే మెత్తటి నూలు గుడ్డతో మధ్యనుంచి అంచుకి తిన్నగా తుడువు, గుండ్రంగా తిప్పకు. సీడీలో తప్పులు దిద్దే లెక్కలు ట్రాక్ పొడుగునా 2.5 మిల్లీమీటర్ల దాకా పోయినదాన్ని తిరిగి పూరించగలవు. అడ్డంగా పడ్డ గీత ఒక్కో చుట్టులో కొంచెమే తింటుంది. ట్రాక్ వెంబడి పడ్డ గీత ఒకేచోట ఆ హద్దు దాటేస్తుంది.

కొత్త డిస్కులు వెర్బాటిమ్ కంపెనీవి దొరికితే తీసుకో. మన మోజర్ బేర్ కంపెనీ 2018లో లిక్విడేషన్‌లోకి వెళ్ళిపోయింది, ఇప్పుడు ఆ పేరుతో కనిపించేవి ఏళ్ళనాటి నిల్వ సరుకు. డీవీడీ ప్లస్ ఆర్ కొనాలా, డీవీడీ మైనస్ ఆర్ కొనాలా అని తల బద్దలుకొట్టుకోకు, ఇప్పటి ఏ డ్రైవ్ అయినా రెండూ రాస్తుంది. 8.5 జీబీ రెండు పొరల డిస్కులు మాత్రం వద్దు. పొర మారే చోట తప్పులెక్కువ, ఒకటి చెడితే రెండింతలు పోతుంది.

రాయడానికి ఇమ్‌గ్‌బర్న్ అనే ప్రోగ్రాం చాలు. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఇంకేదో పెడతానంటే టిక్ తీసెయ్యి. వేగం 8ఎక్స్. వెరిఫై అన్న చోట టిక్ ఉండాలి. రాయడానికి ఎనిమిది నిమిషాలు పడితే సరిచూడటానికి ఇంకో ఏడెనిమిది. ఆ ఏడెనిమిది నిమిషాలు ఓపిక పట్టనివాళ్ళే పదేళ్ళ తర్వాత ఖాళీ డిస్క్ పట్టుకుని ఏడుస్తారు. పాటల పేర్లు తెలుగులో పెట్టుకుంటావు కదా, ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్ళూ పేర్లూ అమర్చే పద్ధతి) దగ్గర జోలియట్, యూడీఎఫ్ రెండూ ఉన్నది ఎంచుకో. ఉత్త ఐఎస్ఓ9660 అయితే తెలుగు అక్షరాల చోట అడ్డగీతలు మిగులుతాయి. జోలియట్‌లో పేరు 64 అక్షరాలు దాటకూడదు. మన గుణింతాలూ వత్తులూ ఒక్కోటీ వేరే అక్షరంగా లెక్కకొస్తాయి, పేర్లు పొట్టిగా పెట్టు. విండోస్‌తోనే రాస్తే అది పెన్‌డ్రైవ్‌లా వాడతావా, ప్లేయర్‌లో పెడతావా అని అడుగుతుంది. రెండోదే నొక్కు. మొదటిది వేరే చోట చదవకపోవచ్చు. యూపీఎస్ లేకుండా రాయడం మొదలుపెట్టకు. మధ్యలో కరెంటు పోతే ఆ డిస్క్ టీ గ్లాసు కింద పెట్టుకోవడానికే.

పేరు రాయాలంటే నీటి సిరా మార్కర్‌తో, మధ్య కన్నం చుట్టూ ఉండే అద్దంలాంటి వలయం మీద రాయి. అక్కడ డేటా ఉండదు. కేసులో నిలబెట్టి, సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టి డబ్బాలో పెట్టు. బీరువాలో చీరల మధ్య, కలరా ఉండల పక్కన వద్దు, వాటి ఆవిరికి ఆ కేసుల ప్లాస్టిక్ మెత్తబడుతుంది. ఏసీ గదిలోంచి తెచ్చిన డిస్క్‌ని వెంటనే డ్రైవ్‌లో పెట్టకు, ఒక గంట ఆగు.

మూడు కాపీలు చెయ్యి. ఒకటి నీ దగ్గర, ఒకటి గాజువాకలో నా దగ్గర. ఈ రెండూ నా లెక్కలో ఒక్కటే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వాన మీ ఇంట్లోకీ మా ఇంట్లోకీ ఒకేసారి కొట్టింది. మూడోది హైదరాబాద్‌లో మీ అన్నయ్యకి కొరియర్ చెయ్యి, అందగానే ఒకసారి తెరిచి చూడమను. నాలుగైదేళ్ళకోసారి అన్నీ తీసి చదివించి, ఏదైనా ఆగి ఆగి చదువుతుంటే కొత్తది రాయాలి. అది ఇకనుంచి నీ పని.

పచ్చ స్కెచ్‌తో "లాలిపాటలు" అని రాసిన సీడీ ఆఖరున పెట్టు, ముందు మిగతా రెండింటితో చెయ్యి తిరగనీ. దాని స్టిక్కర్ అన్నిటికంటే ఎక్కువ లేచి ఉంటుంది. అందులో ఏడు పాటలుండాలి. ఆరే వస్తే గాభరా పడకుండా డ్రైవ్ ఆపి నాకు ఫోన్ చెయ్యి, ఇంకో కంపెనీ డ్రైవ్‌లో పెట్టి చూద్దాం, ఒకటి చదవనిది ఇంకొకటి చదువుతుంది. ఇంకో సంగతి. ఐదో పాట రెండో చరణం దగ్గర ఒక చప్పుడు వస్తుంది. గీత వల్ల అనుకుని ఏదో సాఫ్ట్‌వేర్‌తో శుభ్రం చేసేస్తావేమో. అది గీత కాదు, అమ్మ దగ్గు. దాన్ని అలాగే ఉంచు.

నీ
పెద్దమ్మ